చెప్పని జోకు

మా ఇంట్లో నవ్వు ఉర్దూలో ఉండేది. చదువు తెలుగులో ఉండేది. ఏడుపు మాత్రం రెండింట్లోనూ ఉండేది. అబ్బాకి వచ్చే జీతం ఇంటికి చాలకపోయినా మజాహియా ముషాయిరా కేసెట్లు మాత్రం కొనేవాడు. టేప్ రికార్డర్ చుట్టూ చాపలేసుకుని కూచునేవాళ్ళం. ఒక్కో పంక్తికీ కేసెట్లోని జనం గొల్లుమనేవాళ్ళు. వాళ్ళతోపాటు అబ్బా, అబ్బాని చూసి మేమూ నవ్వేవాళ్ళం. సగం అర్థమయ్యేది కాదు. ఆ కవుల తఖల్లుసులు మాత్రం బాగా అర్థమయ్యేవి. ఒకాయన 'పాగల్' ఆదిలాబాదీ. ఒకాయన గౌస్ 'ఖామఖా', అంటే ఊరికినే. ఒకాయన సర్వర్ 'దండా', ఇంకొకాయన 'గిల్లీ' నల్గొండవీ. దండా, గిల్లీ కలిస్తే మేం వీధిలో ఆడే చిర్రగోనె! పేరు పెట్టుకోవడంలోనే తమను తాము ఇంత పలచన చేసుకున్న కవులు తెలుగులో ఎంతమంది ఉన్నారో తెలుగు సాహిత్య చరిత్రకారులు చెప్పాలి.

చెప్పరు. ఎందుకంటే ఈ కవులు ఆ చరిత్రలో లేరు. ఈ నేలమీదే పుట్టి, ఈ నేల మాటలతోనే కవిత్వం అల్లి, 'హౌ', 'నక్కో' అంటూ లక్షలమందిని నవ్వించిన దక్కనీ హాస్యకవులు తెలుగువాళ్ళకు ఉర్దూవాళ్ళు. లక్నో, ఢిల్లీ ఉర్దూ పండితులకేమో వాళ్ళు భాష రానివాళ్ళు. రెండు ఇళ్ళ చుట్టాలు, ఏ ఇంట్లోనూ విస్తరి లేనివాళ్ళు. చిట్‌గుప్పాలో పుట్టిన సులేమాన్ ఖతీబ్ గుల్బర్గా నీటి సరఫరా శాఖలో ఉద్యోగం చేసుకుంటూనే అత్తాకోడళ్ళ కొట్లాటల మీద, కట్నాల బేరాల మీద కవిత్వం చెప్పాడు. ఆయన 1978లో పోయాడు. ఆయన మాటలు మాత్రం మా అమ్మీ నోట్లో ఇప్పటికీ సామెతల్లా దొర్లుతుంటాయి. అవి ఫలానా కవి రాసినవని ఆమెకు తెలియదు.

హైదరాబాదులో 'జిందా దిలానె హైదరాబాద్' 1962లో మొదలైంది. అదే ఏడాది 'సియాసత్' పత్రికలో హాస్య కాలమ్ రాసే షాహిద్ సిద్దీఖీ చనిపోతే, ఆ కాలమ్ బరువు ముజ్తబా హుస్సేన్ అనే కుర్రాడి మీద పడింది. ఆ కుర్రాడే తర్వాత ఉర్దూ హాస్యవచనానికి పెద్ద దిక్కయ్యాడు. 2007లో పద్మశ్రీ వచ్చింది. 2019 డిసెంబర్లో పౌరసత్వ చట్టం గొడవల మధ్య ఆ పద్మశ్రీని వాపసు ఇచ్చేస్తానని ప్రకటించాడు. 2020 మేలో కన్ను మూశాడు. జీవితమంతా నవ్వించిన మనిషి ఎనభై మూడేళ్ళ వయసులో చిట్టచివరగా వార్తల్లోకెక్కింది నవ్వుతో కాదు. 1968 నుంచి 'షుగూఫా' అనే హాస్యపత్రిక ముస్తఫా కమాల్ సంపాదకత్వంలో వచ్చింది. ఇవన్నీ ఎక్కడో అరేబియాలో జరిగినవి కావు. అబిడ్స్ నుంచి ఆటోలో పోగలిగినంత దూరంలో జరిగినవి.

ఇంకొకాయన బబ్బన్ ఖాన్. 1965లో రవీంద్రభారతిలో 'అద్రక్ కే పంజే' అనే నాటకం వేశాడు. చాలీచాలని జీతం, ఇంటినిండా పిల్లలు, గుమ్మంలో అప్పులవాళ్ళు. కథంతా అంతే. ఆ నాటకాన్నే ముప్పై అయిదేళ్ళకుపైగా దేశదేశాలు తిప్పాడు. పదివేల ప్రదర్శనలు దాటాయని లెక్క చెప్పేవాళ్ళు. ఊరూరా తిరిగి నవ్వించే వృత్తి మనవాళ్ళకు నిన్న మొన్న ముంబయి కాఫీ హోటళ్ళలో పుట్టిందేమీ కాదని చెప్పడానికి ఇదంతా తవ్వుతున్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. అదే 1965లో 'గుమ్‌నామ్' హిందీ సినిమా వచ్చింది. అందులో మెహమూద్ హైదరాబాదీ యాసలో మాట్లాడి దేశాన్నంతా కడుపుబ్బ నవ్వించాడు. అప్పట్నుంచి మా యాస హిందీ సినిమాకు నవ్వులాటైంది. తెలుగు సినిమా సంగతి చెప్పనక్కర్లేదు. అందులో సాయిబు రెండు రకాలు. కత్తి పట్టుకున్నవాడొకడు, 'నమస్తే సాబ్, హమ్ ఆతా హై' అని తెలుగునూ ఉర్దూనూ కలిపి ఖూనీ చేసేవాడొకడు. నాకు తెలిసిన సాయిబులెవ్వరూ అలా మాట్లాడరు. బళ్ళో నా పక్కన కూచున్నవాళ్ళు మాత్రం నాతో అలాగే మాట్లాడేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే 'నీకు జోకు కూడా అర్థం కాదురా తురకోడా' అనేవాళ్ళు.

మమ్మల్ని చూసి మీరు నవ్వొచ్చు. మమ్మల్ని చూసి మేమే నవ్వుకోవచ్చు. ఖతీబ్ నుంచి బబ్బన్ ఖాన్ దాకా పెద్దలు చేసింది ఎక్కువగా అదే. మా పేదరికం, మా పెళ్ళాలు, మా పిల్లల సంఖ్య, మా అప్పులు. కుటుంబ నియంత్రణ మీద నాటకం వేస్తే సర్కారు కూడా చప్పట్లు కొట్టింది. ఇందులో తప్పేం లేదు. తనను చూసి తను నవ్వుకోగలిగిన జాతి బతికే ఉన్నట్టు లెక్క. కానీ ఆ నవ్వు ఇంటి గడప దాటి బయటికి చూస్తే? ఓటు అడగొచ్చిన నాయకుణ్ణి, పోలీసు ఠాణాని, మెజారిటీ మర్యాదలను చూసి నవ్వితే? ఆ గడప దాటిన కుర్రాడొకడి తొలిరోజుల కథ చెబుతాను.

మునవ్వర్ ఫారూఖీ 1992 జనవరి 28న గుజరాత్‌లోని జునాగఢ్‌లో పుట్టాడు. అతనికి ఏడాది నిండకముందే బాబ్రీ మసీదు కూలింది. పదేళ్ళప్పుడు, 2002 మారణకాండలో, ఆ కుటుంబం ఇల్లు పోగొట్టుకుంది. తర్వాత ముంబయి చేరారు. టీనేజీలోనే తల్లి పోయింది. ఆ చావు ఎలా జరిగిందో అతను ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక రియాలిటీ షోలో ఏడుస్తూ చెప్పుకున్నాడు. నేను దాన్ని ఇక్కడ మళ్ళీ విప్పను. తండ్రి మంచాన పడ్డాడు. చదువుకుంటూనే గిన్నెల కొట్లో పనికి కుదిరాడు. తర్వాత గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుని ఆ పనిలో కొన్నాళ్ళు నడిపాడు. ఇరవై అయిదు దాటాక గానీ స్టేజీ ఎక్కలేదు.

అతనుండే డోంగ్రీ గురించి మీకు తెలిసింది ఒక్క పేరే అయి ఉంటుంది, దావూద్. హుస్సేన్ జైదీ 2012లో రాసిన 'డోంగ్రీ టు దుబాయ్' పుస్తకంతో ఆ పేట పేరు మాఫియాకు మారుపేరై కూచుంది. ఆ పేటలో గిన్నెలమ్మేవాళ్ళు, అద్దె ఇళ్ళవాళ్ళు, ట్యూషన్లు చెప్పేవాళ్ళు కూడా ఉంటారని ఎవరికీ పట్టదు. మన పాతబస్తీ సంగతి వేరా? ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చిరునామా విని 'అక్కడ రాత్రిపూట భయమెయ్యదా?' అని అడిగినవాళ్ళున్నారు. వేస్తుందండీ. కరెంటు బిల్లు చూస్తే వేస్తుంది.

ఈ స్టాండప్ అనే పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. ఏదో కాఫీ హోటల్లో ఒక మూల మైకు పెడతారు. దాన్ని ఓపెన్ మైక్ అంటారు. కొత్తవాడికి నాలుగైదు నిమిషాలు. డబ్బులేమీ ఇవ్వరు, ఒక్కోచోట వాడే ఎదురు కట్టాలి. ఎదురుగా ఉండే పాతికమందిలో సగం తమ వంతు కోసం ఎదురుచూసే కమెడియన్లే. వాళ్ళు నవ్వరు, లోపల తమ జోకులు నెమరేసుకుంటుంటారు. నిలబడ్డవాడికి తోడు నాటకం లేదు, వేషం లేదు, పాటా లేదు. ఎక్కడ నవ్వు రాలేదో అక్కడ మాట మార్చి, మర్నాడు ఇంకో హోటల్లో మళ్ళీ చెప్పాలి. అలా నాలుగు నిమిషాలు పదవుతాయి, పది ఇరవై అవుతాయి. గంటసేపు ఒక్కడే నిలబడగలిగిన రోజున టికెట్టు పెట్టి ఊళ్ళు తిరుగుతాడు. ఆ గంటలో ఓ ముక్క యూట్యూబులో పెడితే అదే విజిటింగ్ కార్డు. ముషాయిరాలో ఇంతకన్నా దయ ఉంటుంది. అక్కడ 'వాహ్' అనడానికి పక్కన ఇంకో కవి కూచుని ఉంటాడు. ఇక్కడ ఎవరూ ఉండరు.

మునవ్వర్ విజిటింగ్ కార్డు 2020 ఫిబ్రవరిలో వచ్చింది. 'దావూద్, యమరాజ్ ఔర్ ఔరత్' దాని పేరు. పేట మీద పడ్డ ముద్రనే తీసుకుని నవ్వించాడు. ఆ ఏప్రిల్లో రాజకీయాల మీద ఇంకొకటి పెట్టాడు. అప్పటికి దేశం లాక్‌డౌన్‌లో ఉంది. కరోనాని తబ్లీగీలే తెచ్చారని టీవీలు ఊదరగొడుతున్నాయి, కూరగాయలమ్మే సాయిబు పేరడిగి వెళ్ళగొడుతున్నారు. అలాంటి నెలలో ఒక ముస్లిం కుర్రాడు రాజకీయం మీద జోకులేశాడు. ఉత్తరప్రదేశ్‌లోని ప్రయాగ్‌రాజ్‌లో కేసు పడింది.

ఇక్కడ దాచుకోవలసింది నాకేమీ లేదు. మునవ్వర్ జోకులన్నీ నాకు నచ్చవు. సీతారాముల ప్రస్తావనతో అతను చెప్పినదాని మీద, గోధ్రా రైలు మంటల మీద చెప్పినదాని మీద జనం నొచ్చుకున్నారు. కాలిపోయిన మనుషులు ఎవరివాళ్ళయినా వాళ్ళమీద జోకు వేయకూడదని నా పాతకాలపు నమ్మకం. అతను ఆ వీడియో తీసేశాడు, క్షమాపణ చెప్పాడు. నాకు నచ్చకపోవడం ఒక సంగతి, వాణ్ణి జైల్లో వేయడం ఇంకో సంగతి. ఈ రెండింటికీ మధ్య ఉండాల్సిన గోడ ఎక్కడ కూలిందో చూడాలి.

2021 జనవరి 1. ఇందోర్‌లో మన్రో అనే కేఫ్. కొత్త సంవత్సరం రోజు సాయంకాలపు ప్రదర్శన. హింద్ రక్షక్ సంఘటన్ అనే సంస్థకు చెందిన ఏకలవ్య గౌర్ తన అనుచరులతో ప్రేక్షకుల్లో కూచున్నాడు. ఆయన స్థానిక బీజేపీ ఎమ్మెల్యే మాలినీ గౌర్ కొడుకు. ప్రదర్శన ఆపారు. మునవ్వర్ వాళ్ళతో వేదిక మీదే మాట్లాడి సర్దిచెప్పాలని చూశాడు. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. నలుగురు కలిసి ఒకణ్ణి నిలదీస్తుంటే వాడు గొంతు పెంచకుండా జవాబు చెప్పే దృశ్యం. ఎక్కడ చూశానా అనుకున్నాను. గుర్తొచ్చింది. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో గడ్డమున్న మా మేనమామని నలుగురు అడిగినప్పుడు చూశాను.

ఆ సాయంకాలమే మునవ్వర్నీ, కేఫ్ ప్రదర్శనతో సంబంధమున్న మరి నలుగుర్నీ పట్టుకుపోయారు. తర్వాత సదాఖత్ ఖాన్ అనే స్నేహితుణ్ణి కూడా. భారత శిక్షాస్మృతి 295-ఎ, మత భావాలను గాయపరచడం. దానితోపాటు కరోనా నిబంధనల ఉల్లంఘన కూడా తగిలించారు. దేవతల్ని, కేంద్ర హోంమంత్రిని అవమానించాడని ఆరోపణ. ఒకటి రెండు రోజులకే అక్కడి పోలీసు అధికారి విలేకరులకు చెప్పింది ఏమంటే, మునవ్వర్ దేవతల్ని అవమానించినట్టు వీడియో సాక్ష్యం ఏదీ లేదని. ఫిర్యాదీలు ఇచ్చిన వీడియో ఇంకో కమెడియన్ది. అంటే ఆ రోజు ఆ వేదిక మీద ఆ జోకు చెప్పనే లేదు. చెప్పబోయాడట. చెప్పే ఉద్దేశముందట. నా జర్నలిజంలో దొంగతనం చేయబోయినవాళ్ళ మీద కేసులు చూశాను గానీ జోకు వేయబోయినవాడి మీద కేసు చూడడం అదే మొదటిసారి.

కింది కోర్టు బెయిలివ్వలేదు. సెషన్స్ కోర్టు ఇవ్వలేదు. మధ్యప్రదేశ్ హైకోర్టు ఇందోర్ బెంచి వాదనలు విన్న రోజునే ఇలాంటివాళ్ళను వదలకూడదన్న మాట న్యాయమూర్తి నోటి నుంచి వచ్చింది. జనవరి 28న బెయిలు తిరస్కరించారు. ఆ తేదీని మళ్ళీ చూడండి. అతని పుట్టినరోజు అది. ఇరవై తొమ్మిది నిండాయి. సామరస్యాన్ని, సోదరభావాన్ని పెంపొందించడం ప్రతి పౌరుడి విధి అని ఆ ఉత్తర్వులో రాశారు. సోదరభావం గురించిన పాఠం ఎప్పుడూ జైల్లో ఉన్నవాడికే చెబుతారు.

ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టులో నారిమన్, గవాయ్ న్యాయమూర్తుల ధర్మాసనం తాత్కాలిక బెయిలిచ్చింది. అరెస్టు చేసేటప్పుడు పాటించాల్సిన పద్ధతి పాటించలేదని ఎత్తిచూపింది, ప్రయాగ్‌రాజ్ వారంటును ఆపింది. అయినా జైలువాళ్ళు వెంటనే వదల్లేదు. ప్రయాగ్‌రాజ్ కాగితం అడ్డం పెట్టారు. మర్నాడు రాత్రి బాగా పొద్దుపోయాక బయటికొచ్చాడు. ముప్పై ఏడు రోజులు.

పేరున్నవాడికి సుప్రీంకోర్టు దొరికింది. మిగతావాళ్ళు? నళిన్ యాదవ్ అని పీతంపూర్ కుర్రాడు, ఇందోర్ దగ్గరి పారిశ్రామిక వాడ. అతనూ కమెడియనే. హిందువే. అతనికీ, సదాఖత్ ఖాన్‌కూ బెయిలొచ్చింది ఫిబ్రవరి 26న. బయటికొచ్చాక నళిన్‌కు మైకు ఇచ్చేవాళ్ళు లేకపోయారు. కూలిపనికి పోతున్నాడని ఆ ఏడాదే పత్రికల్లో వచ్చింది. ఈ సంగతి మనం మరవకూడదు. మనకు జరిగిన అన్యాయం చెప్పుకునేటప్పుడు మన పక్కన నిలబడి దెబ్బలు తిన్న యాదవుల పేరు మింగేస్తే మనం రాసేది కూడా సగం చరిత్రే. అదే సమయంలో ఇదీ చెప్పాలి. ఆ రోజుల్లోనే కునాల్ కామ్రా సుప్రీంకోర్టునే ఎగతాళి చేస్తూ రాశాడు. క్షమాపణ చెప్పనన్నాడు. ధిక్కార నోటీసు వచ్చింది గానీ జైలు చూడలేదు. చూడాలని నేనడం లేదు, ఎవరూ చూడకూడదు. కానీ వేసిన జోకుకు నోటీసు, వేయని జోకుకు ముప్పై ఏడు రోజులు. మధ్యలో తేడా ఏమిటో పేర్లు చదివి మీరే చూడండి.

ఇప్పుడు నా సంగతి. నేనప్పుడు ఒక తెలుగు దినపత్రికలో డెస్కులో ఉన్నాను. ఇందోర్ వార్త ఏజెన్సీలో ఇంగ్లీషులో వచ్చింది. అనువాదం నా వంతు. మొదటి రోజు 'స్టాండప్ కమెడియన్ మునవ్వర్ ఫారూఖీ' అని రాశాను. పేజీలోకి వచ్చేసరికి 'వివాదాస్పద కమెడియన్' అయింది. షిఫ్టు ఇన్‌ఛార్జిని అడిగాను. 'వివాదం ఉంది కదయ్యా, ఉన్నదేగా రాశాం' అన్నాడు. మంచివాడే. రంజాన్ నెలలో నా షిఫ్టు ఇఫ్తారుకు ముందే ముగిసేలా చూసేవాడు. రెండోసారి కూడా నేను మామూలుగానే రాశాను, మళ్ళీ మారింది. మూడోసారి నుంచి నేనే 'వివాదాస్పద' అని టైపు చేయడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు. మార్చే పని తప్పుతుంది కదా అని. ఆ మాట నా వేళ్ళకు అలవాటైంది. వివాదం చేసింది కేఫ్ మీదికి వచ్చినవాళ్ళు, విశేషణం తగిలింది మైకు పట్టుకున్నవాడికి. అది తెలిసి తెలిసి, ఒక సాయిబు చేతే రాయించుకున్నారు. నేను రాశాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే కావచ్చు.

2021 చివర్లో మునవ్వర్ మళ్ళీ ఊళ్ళు తిరగబోయాడు. కొత్త ప్రదర్శన పేరు 'డోంగ్రీ టు నోవేర్'. డోంగ్రీ నుంచి ఎక్కడికీ లేదని. పేరు పెట్టిన వేళ ఎలాంటిదో గానీ అదే నిజమైంది. సూరత్, అహ్మదాబాద్, వడోదర, ముంబయి, రాయపూర్, గోవా. ఎక్కడికక్కడ బెదిరింపులు, ఎక్కడికక్కడ రద్దు. రెండు నెలల్లో పన్నెండు ప్రదర్శనలు పోయాయి. ఈ రద్దుల్లో ఎక్కడా నిషేధం అన్న మాట ఉండదు. ఒక సంస్థ హాలు యజమానికి 'తగలబెడతాం' అంటుంది. యజమాని పోలీసుల దగ్గరికి పోతాడు. పోలీసులు బెదిరించినవాళ్ళను పిలవరు, నిర్వాహకులకు 'శాంతిభద్రతల దృష్ట్యా' అని ఉత్తరం రాస్తారు. అంతే. ఎవరూ ఎవర్నీ ఆపలేదు, ఆట మాత్రం ఆగిపోయింది. టికెట్ల డబ్బు వాపసివ్వాలి, హాలు అడ్వాన్సు పోతుంది, మైకు కుర్రాడి కూలీ పోతుంది.

నవంబర్ 28న బెంగళూరులో జరగాల్సింది కూడా ఇలాగే పోయింది. ఆరువందల పైచిలుకు టికెట్లు అమ్ముడయ్యాయని మునవ్వర్ రాశాడు. అంతకు నెల ముందే చనిపోయిన కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ సేవా సంస్థకు ఆ ప్రదర్శన మీద విరాళం ఇవ్వాలనుకున్నారు. పోలీసుల ఉత్తరంలో అతణ్ణి 'వివాదాస్పద వ్యక్తి' అన్నారు. చూశారా, నా మాట ఎంత దూరం పోయిందో! ఆ రోజు అతను పెట్టిన ప్రకటనలో 'నఫ్రత్ జీత్ గయీ, ఆర్టిస్ట్ హార్ గయా' అని ఉంది. ద్వేషం గెలిచింది, కళాకారుడు ఓడాడు, ఇక సెలవు అని. తను చెప్పని జోకుకు జైలుకు పోయానని కూడా అందులోనే రాశాడు. ఆ రాత్రి ఆ వార్తను నేనే అనువదించాను. 'వివాదాస్పద' కొట్టేశాను. పొద్దున పేపర్లో మళ్ళీ ఉంది.

హైదరాబాదు కథ వేరేగా జరిగింది. 2021 డిసెంబర్లో, అప్పటి మంత్రి కేటీఆర్ తమ రాజకీయాలతో కలవనంత మాత్రాన కామ్రా, మునవ్వర్ల ప్రదర్శనలను మేం రద్దు చేయం అని సభాముఖంగా అన్నారు. జనవరికి అనుకున్న ప్రదర్శన వాయిదా పడింది. 2022 ఆగస్టు 20న మాదాపూర్ శిల్పకళావేదికలో జరిగింది. ముందు రోజు గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్, కొడతాం, వేదిక తగలబెడతాం అని ప్రకటించి బయల్దేరితే పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ప్రదర్శన రోజున హాలు చుట్టూ వందల సంఖ్యలో పోలీసులు. బెంగళూరులో ఆగిన ఆట ఇక్కడ జరిగింది. పెద్ద రహస్యమేమీ లేదు. సర్కారు జరిపించాలనుకుంటే జరుగుతుంది.

మా అక్క కూతురు ఆ రాత్రి అక్కడికి పోయింది. ఇంజనీరింగు చదువుతున్న పిల్ల. ఇంటికొచ్చాక 'మామూ, పక్క సీట్లో వాళ్ళు కూడా మన మాటే మాట్లాడుతున్నారు, గట్టిగా, ఏం భయపడకుండా' అంది. జోకుల గురించి అడిగితే 'బాగున్నాయి' అంది. ఆమెకు గుర్తుండిపోయింది జోకులు కావు. హైటెక్ సిటీ పక్క పెద్ద హాల్లో, ఎయిర్ కండిషన్లో, పాతబస్తీ ఉర్దూలో పెద్దగా నవ్వడం.

మరి ఆ నవ్వు ఖరీదు? అది కూడా రాయాలి. రెండు రోజులకే, ఆగస్టు 22న, రాజాసింగ్ ఈ ప్రదర్శనకు జవాబని ఒక వీడియో పెట్టాడు. అందులో ప్రవక్త మీద మాటలు. మర్నాడు అరెస్టు, ఆ రోజే బెయిలు. పార్టీ సస్పెండ్ చేసింది. పాతబస్తీ రోడ్ల మీదికొచ్చింది. 25న పీడీ యాక్టు కింద మళ్ళీ అరెస్టు చేశారు. నవంబర్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మధ్యలో శాలిబండ వైపు రాత్రిపూట పోలీసులు ఇళ్ళల్లోకి దూరి కుర్రాళ్ళను ఈడ్చుకుపోయిన వీడియోలు వచ్చాయి. శిల్పకళావేదికలో టికెట్టు కొని నవ్వినవాళ్ళు ఒకరు, శాలిబండలో లాఠీ తిన్నవాళ్ళు ఇంకొకరు. ఆ రాత్రి తలుపు కొట్టించుకున్న ఇంటివాడికి మునవ్వర్ ఎవరో తెలుసో లేదో. దీనికి మునవ్వర్ బాధ్యుడా? కాడు. ఆ ఎమ్మెల్యే మాటలకు ఆ ఎమ్మెల్యేదే బాధ్యత. అయినా ఈ లెక్క నాకు తెగదు. మా నవ్వుకు ఎప్పుడూ వేరే ఎవరో బిల్లు కడుతుంటారు, వాళ్ళు కూడా మావాళ్ళే అయి ఉంటారు.

తర్వాతి కథ మీకు తెలిసిందే. అంతకు ముందే, ఆ మే నెలలో, కంగనా రనౌత్ నడిపిన 'లాక్ అప్' రియాలిటీ షో గెలిచాడు. నిజం జైలు చూసినవాడు అట్ట జైల్లో కూచుని గెలిచాడు! 2024 జనవరి 28న బిగ్‌బాస్ పదిహేడో విడత గెలిచాడు. హైకోర్టు బెయిలు కాదన్న రోజుకు సరిగ్గా మూడేళ్ళు. డోంగ్రీలో వీధులు పట్టనంత జనం ఊరేగించారు. ఆ రోజు మా పేజీలో అతని పేరుకు ముందు విశేషణం లేదు. ఉత్త 'విజేత' అని ఉంది. టీవీలో ఏడ్చి, ప్రేమించి, పోట్లాడి గెలిచిన మునవ్వర్ ఎవరికీ అభ్యంతరం కాలేదు. అందుకే నేను తొలిరోజుల దగ్గరే ఆగుతున్నాను.

మొన్న బక్రీదుకు ఊరెళ్ళినప్పుడు అబ్బాకి ఈ కథంతా చెప్పాను. ఇప్పుడాయనకు సరిగా వినబడదు, గట్టిగా చెప్పాలి. ఫోన్లో ఓ ముక్క చూపించాను. రెండు నిమిషాలు చూసి 'జుబాన్ అంత సాఫ్ లేదు' అన్నాడు. ఎంతైనా ఖతీబ్‌ను విన్న చెవులు. 'తఖల్లుస్ ఏంది?' అని అడిగాడు. లేదన్నాను. అది ఆయనకు నచ్చలేదు. ఇందోర్ సంగతి, ముప్పై ఏడు రోజుల సంగతి చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాను. అంతా విని, 'ఇంతకీ ఆ జోకేంది?' అన్నాడు.

'చెప్పలేదు అబ్బా.'

'నాకు చెప్పరా, ఏం గాదు.'

'నేను గాదు, ఆయన చెప్పలేదు. చెప్పకముందే పట్టుకపోయిన్రు.'

వినబడలేదనుకున్నట్టున్నాడు. చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, మిగతాది చెప్పమన్నట్టు నా వైపు వంగాడు.